అరువు పద్దు – వసూలు

ఎల్‌బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ అంగళ్ళకు బత్తాయిలు నేరుగా వేయు రైతునకు పైకము నాడే ముట్టిన చింత లేదు. కాని వర్తకుడు కొంత చేతబెట్టి, తక్కినది వచ్చు వారమనును. కాయ నిలువయుండదు గనుక రైతు తలయూపును. తగవు పుట్టునది యిచ్చటనే.

సరకు దింపినప్పుడే తూకము, ధర, ముట్టిన పైకము, బాకీ, గడువు తేది వ్రాసి వర్తకుని చేవ్రాలు పుచ్చుకొనవలెను. 20,000 రూపాయల కాయకు 12,000 ముట్టిన, బాకీ 8,000 అని అంకెలలోను అక్షరములలోను ఉండవలెను. అంగడి యున్న చోటు మాత్రమే యెరిగియుండుట చాలదు. వర్తకుని యింటి చిరునామాయు వ్రాసికొనుడు. కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టంతయు 2021లో బాటసింగారమునకు తరలిపోలేదా! ఒక్క అంగడి కదలుట యెంత?

గడువు దాటిన మరునాడే అడుగుడు. రైతులకు మొగమాటము మెండు. విత్తనపు కొట్టువాడు మనయెడల దానిని చూపుట మేము కానము. వర్తకుడు కొంత చెల్లించిన, ఆ చెల్లు క్రింద మరల అతని చేవ్రాలు వలయును.

1963 సంవత్సరపు కాలపరిమితి చట్టము ననుసరించి సరకు ధరకై మూడేండ్లలోగా దావా వేయవలెను. గడువు పెట్టియున్నచో అది తీరిన నాటినుండియు, లేనిచో సరకు అప్పగించిన నాటినుండియు లెక్క. ఆలోగా బాకీ నొప్పుకొని వ్రాసి చేవ్రాలు చేసిన, ఆనాటినుండి క్రొత్తగా మూడేండ్లు. నోటిమాట యిందులకు చెల్లదు.

పాత బాకీ తీరకుండ క్రొత్త సరకు వేయబోకుడు. వేయక తప్పనిచో రెండు పద్దులను వేరువేరుగా నుంచుడు.