అర్థం కాకపోతే తప్పు నాదేనా?

ప్రశ్న: మా వీధిలో ఒకాయన ఇంట్లో ఆదివారం సాయంత్రాలు తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి గారి ప్రసంగాల వీడియోలు వేస్తారు. ఏడాదిగా వెళ్తున్నాను. పదో తరగతి చదివే మా అమ్మాయి మార్కులు చూస్తే నాకు కోపం ఆగదు. ఏం చేయాలని అడిగితే అక్కడి పెద్దాయన, "ఎలా అని అడిగావంటేనే నీకు అర్థం కాలేదన్నమాట తల్లీ" అన్నారు. నాకే బుర్ర లేదా? అసలు ఆ మాటల వల్ల ఉపయోగం ఉందా?
– ఓ గృహిణి, నాయుడుపేట

జవాబు: మీరు అడిగింది అడగాల్సిన ప్రశ్నేనమ్మా. కృష్ణమూర్తి గారిని దగ్గర నుంచి చూసినవాళ్లకే ఈ సందేహం వచ్చింది. మచిలీపట్నంలో పుట్టిన యు.జి.కృష్ణమూర్తి ఏళ్ల తరబడి ఆయన ప్రసంగాలు విని, ఎదురుగా కూర్చుని వాదించి, చివరికి ఆ బోధ ఎవరినీ ఎక్కడికీ చేర్చదని తెగేసి చెప్పి తన దారిన వెళ్లిపోయారు. 1986 ఫిబ్రవరిలో, పోవడానికి కొద్ది రోజుల ముందు, తాను చెప్పినదాన్ని ఎవరూ అందుకోలేదన్న అర్థం వచ్చేలా జిడ్డు వారే మాట్లాడారు. అరవై ఏళ్లు చెప్పాక కూడా అలా అనాల్సి వచ్చిందంటే, లోపమంతా వినేవాళ్లదేనని నేను ఒప్పుకోను. పద్ధతి వద్దంటారు, సాధన వద్దంటారు, మనసు మాత్రం సమూలంగా మారాలంటారు. మారేదెలాగన్నది మసకగానే వదిలేశారు. మీరు చిక్కుకున్నది సరిగ్గా అక్కడే.

అలాగని అంతా మసకేం కాదు. 1929 ఆగస్టు 3న హాలెండ్‌లోని ఒమెన్‌లో, తనను జగద్గురువుగా నిలబెట్టడానికి పెట్టిన సంఘాన్ని వేలమంది ఎదుట తానే రద్దు చేశారు. నా వెంట రావద్దని ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెబుతారు? ప్రశ్న అడగడమే తప్పన్నట్టు చూసేవాళ్లు, ఆయన దిగిపోయిన పీఠం మీద మళ్లీ ఆయన్నే కూర్చోబెడుతున్నారు.

పిల్లల్ని ఒకరితో ఒకరిని పోల్చవద్దని ఆయన చెప్పిన మాటలోనూ తికమక లేదు. మదనపల్లె దగ్గర ఆయన స్థాపించిన రిషివ్యాలీ బడి వాళ్లు పల్లె బడుల కోసం తయారుచేసిన కార్డుల పద్ధతి చెన్నై కార్పొరేషన్ బడుల దాకా వెళ్లింది. అందులో పిల్ల తన కార్డు పూర్తి చేసుకుని, తన వేగంతో తర్వాతి మెట్టు ఎక్కుతుంది. పక్కపిల్ల ఎక్కడుందన్న లెక్క ఉండదు.

ఈసారి మార్కుల కాగితం చేతికొచ్చినప్పుడు, నోరు తెరిచేముందు మీ మనసులో ఎవరి పిల్ల మెదిలిందో చూడండి. పక్కింటమ్మాయా? మీ అక్క కూతురా? ఆ పిల్లను పక్కనబెట్టి, ఏ లెక్క దగ్గర ఆగిపోయావని మీ అమ్మాయిని అడగండి. ఓ నెల ఇలా చేశాక కోపం తగ్గితే కృష్ణమూర్తి గారి మాట మీకు పనికొచ్చినట్టే. తగ్గకపోతే ఆ పెద్దాయన్ని ఇదే ప్రశ్న మళ్లీ అడగండి. అప్పుడూ అదే జవాబొస్తే, ఆదివారం సాయంత్రాలు మీ అమ్మాయి పక్కన కూర్చోండి.