పసుపు కల్లం దగ్గర ఒక నోటుబుక్కు

ఫిబ్రవరి వచ్చిందంటే ఆర్మూర్ చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా ఉడికిన పసుపు వాసనే. ఇంటిల్లిపాదీ కల్లం దగ్గరే ఉంటారు. బడి నుంచి వచ్చిన పిల్లలు సంచీ పక్కన పడేసి ఎండబోసిన కొమ్ములు తిరగేస్తారు. ఆ కల్లాల దగ్గరా, బడుల్లో పెట్టే తల్లిదండ్రుల సమావేశాల్లోనూ నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒక్కటే. "సార్, మా పిలగాడు ఎన్‌సీసీల చేరుతనంటున్నడు, సైన్స్ క్లబ్బంటున్నడు. వాటితోని ఏమొస్తది? చదువు పాడైతది గదా?"

న్యాయమైన ప్రశ్న. పంట ధర మీద పిల్లల ఫీజులు ఆధారపడే ఇంట్లో ప్రతి గంటకూ లెక్క ఉంటుంది. కాబట్టి జవాబు కూడా లెక్కగానే చెప్పాలి.

ముందు చేదు నిజం. ఎప్‌సెట్‌లో, జేఈఈలో మీ ర్యాంకును నిర్ణయించేది పరీక్ష. బడిలో మీరు క్లబ్ లీడరుగా ఉన్నారని ఒక్క మార్కు కూడా కలవదు. కాకపోతే మన తెలంగాణలో ఇంజినీరింగ్ సీట్లలో ఎన్‌సీసీ వాళ్లకు 1 శాతం, క్రీడాకారులకు అర శాతం రిజర్వేషన్ ఉంది. ఐఐటీ మద్రాస్ 2024-25 నుంచి క్రీడల్లో, ఆ మరుసటి ఏడాది నుంచి లలిత కళల్లో రాణించినవారికి విడిగా సీట్లు ఇస్తోంది. వాటికి కూడా జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుల జాబితాలో పేరుండాల్సిందే. ఇంతవరకే చూస్తే ఆ తండ్రి అనుమానం నిజమే అనిపిస్తుంది.

కానీ మన పిల్లలందరూ ఇంజినీర్లు కారు. ఆర్మూర్ ప్రాంతంలో సైన్యానికీ, పోలీసు ఉద్యోగాలకూ, రైల్వేకూ తయారయ్యే పిల్లలు తక్కువేమీ లేరు. డిగ్రీ అయ్యాక పుస్తకాలు ముందేసుకుంటారు. వాళ్లలో చాలామందికి ఎనిమిదో తరగతిలోనే ఒక తలుపు తెరుచుకుని ఉండేదని ఎవరూ చెప్పలేదు. నాకు బాధ కలిగించేది అదే.

ఎన్‌సీసీ సంగతే చూడండి. 1948లో చట్టం చేసి పెట్టిన సంస్థ ఇది. హైస్కూల్లో జూనియర్ విభాగంలో రెండేళ్లు శిక్షణ పొంది, ఒక క్యాంపుకు వెళ్లి, పరీక్ష రాస్తే 'ఎ' సర్టిఫికెట్ వస్తుంది. కాలేజీలో సీనియర్ విభాగంలో 'బి', 'సి' వస్తాయి. కేంద్ర బలగాల్లో కానిస్టేబుల్ ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే జీడీ పరీక్షలో 'ఎ' ఉంటే మొత్తం మార్కుల్లో 2 శాతం, 'బి' ఉంటే 3, 'సి' ఉంటే 5 శాతం అదనంగా కలుపుతారు. 160 మార్కుల పరీక్షలో 'సి' సర్టిఫికెట్ అంటే 8 మార్కులు. ఒకటిన్నర మార్కు తేడాతో ఉద్యోగం పోగొట్టుకున్న కుర్రాణ్ని అడగండి, 8 మార్కుల విలువ ఏమిటో చెబుతాడు. ఇక 'సి' సర్టిఫికెట్‌లో కనీసం 'బి' గ్రేడు, డిగ్రీలో 50 శాతం మార్కులు ఉంటే సైన్యంలో అధికారి ఉద్యోగానికి యూపీఎస్సీ రాత పరీక్ష రాయనక్కర్లేకుండా నేరుగా సర్వీసెస్ సెలక్షన్ బోర్డు (ఎస్‌ఎస్‌బీ) ఇంటర్వ్యూకు దరఖాస్తు చేసుకోవచ్చు. దీన్ని ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ అంటారు. ఖాళీలు కొద్దిగానే ఉంటాయి, అమ్మాయిలకు మరీ తక్కువ. అయినా ఆ దారి ఉందని తెలిసి ఉండాలి.

ఆ ఎస్‌ఎస్‌బీ దగ్గర ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెబుతాను. అభ్యర్థి చేతికి మొదట పీఐక్యూ అనే ఫారం ఇస్తారు. అందులో ఊరి పేరు, తండ్రి వృత్తి, మార్కులతో పాటు కొన్ని గడులుంటాయి. ఎన్‌సీసీ శిక్షణ ఉందా? ఏ ఆటలు, ఏ స్థాయిలో ఆడావు? చదువు కాకుండా ఏ కార్యక్రమాల్లో పాల్గొన్నావు? ఏ బాధ్యతలు మోశావు? ఇంటర్వ్యూ చేసే అధికారి ముందు ఆ కాగితమే ఉంటుంది, ప్రశ్నలు చాలావరకు దాంట్లోంచే పుడతాయి. రెండేళ్ల ఇంటర్, నాలుగేళ్ల ఇంజినీరింగ్ మార్కులు తప్ప రాయడానికి ఏమీ లేని పిల్లవాడు ఆ గడుల దగ్గర పెన్ను పట్టుకుని ఆగిపోతాడు. కొందరు అబద్ధాలు రాస్తారు. రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

బడిలో పెట్టే ఒక కార్యక్రమం పిల్లల దారి మారుస్తుందన్న మాటకు మన నిజామాబాద్ జిల్లాలోనే పెద్ద సాక్ష్యం ఉంది. సిరికొండ మండలం పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంది. గురుకులాల పిల్లలకు భువనగిరి కొండ మీద రాక్ క్లైంబింగ్ శిక్షణ పెట్టినప్పుడు వెళ్లినవారిలో ఆమె ఒకరు. అక్కడి నుంచి డార్జిలింగ్, లడఖ్. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్ట్ మీద నిలబడింది. ఆమెతో పాటు ఎక్కిన ఆనంద్ కుమార్ కూడా గురుకుల విద్యార్థే, ఖమ్మం జిల్లా వాడు. 2022 నాటికి పూర్ణ ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలూ ఎక్కేసింది. పూర్ణ తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు, ఊళ్లో కొండలెక్కడం నేర్పే శిబిరం లేదు. బడి ఒక కార్యక్రమం పెట్టింది, ఆ పిల్ల ముందుకొచ్చింది. బడి అది పెట్టకపోయి ఉంటే ఆమె పేరు ఇవాళ మనకు తెలిసేది కాదని నేను గట్టిగా నమ్ముతాను.

నిజామాబాద్ ఆడపిల్ల నిఖత్ జరీన్ 2022లో, 2023లో బాక్సింగ్‌లో ప్రపంచ చాంపియన్ అయింది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. ఆటల్లో ఉన్న పిల్లలకు ఒక జాగ్రత్త. మండల స్థాయి సర్టిఫికెట్లు పది ఉన్నా కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటాకు పనికిరావు. పాఠశాల స్థాయిలో లెక్కలోకి వచ్చేది జాతీయ పోటీల్లో రాష్ట్రం తరఫున ఆడినట్టు ఉన్న ధ్రువపత్రం. పీఈటీ సార్‌ను ముందే అడిగి తెలుసుకోండి. స్కౌట్స్ అండ్ గైడ్స్ కూడా ఇలాగే. రైల్వేలో వాళ్లకు విడిగా కోటా ఉంది. కానీ రాష్ట్రపతి పురస్కార స్థాయి దాకా వెళ్లి, ఏళ్ల తరబడి చురుగ్గా ఉన్నవారికే అది అందుతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి, సైన్స్ క్లబ్బు. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ నడిపే ఇన్‌స్పైర్ మానక్ పథకంలో ప్రతి బడి నుంచి ఐదు ఆలోచనలు పంపవచ్చు. ఆరో తరగతి నుంచి పిల్లలు అర్హులు. ఎంపికైతే నమూనా చేసుకోవడానికి 10,000 రూపాయలు విద్యార్థి ఖాతాలో పడతాయి. తర్వాత జిల్లా, రాష్ట్ర, జాతీయ ప్రదర్శనలు. ప్రదర్శనల్లో నేను చూసే చాలా నమూనాలు యూట్యూబ్ చూసి థర్మకోల్‌తో చేసినవే. ఆర్మూర్ పిల్లలకు ఆ అవసరం లేదు. ఇంటి ముందే ప్రయోగశాల ఉంది.

ఒక పని చేసి చూడండి. ఉడికించిన పసుపు కొమ్ములు మూడు కిలోలు తీసుకోండి. ఒక కిలో మట్టి నేల మీద, ఒక కిలో టార్పాలిన్ పట్టా మీద, మరో కిలో సిమెంటు కల్లం మీద ఆరబోయండి. రోజూ సాయంత్రం 5 గంటలకు కిరాణా త్రాసుతో మూడూ తూచి నోటుబుక్కులో రాయండి. ఆ రోజు ఎండ ఎలా ఉంది, మబ్బు పట్టిందా, రాత్రి మంచు కురిసిందా, అదీ రాయండి. బరువు తగ్గడం ఆగిపోయేదాకా, అంటే దాదాపు పది పదిహేను రోజులు. చివర్లో ఏ కుప్పకు మట్టి అంటింది, ఏది త్వరగా ఎండింది, ఒక్కోటి ఎన్ని గ్రాములు మిగిలింది అన్నది మీ చేతిలో ఉంటుంది. యార్డులో తేమ పేరు చెప్పి ధర తగ్గించినప్పుడు నాన్న ఎందుకు బాధపడతాడో మీకు అంకెల్లో అర్థమవుతుంది. ఆ సంఖ్యలు పట్టుకుని కమ్మర్‌పల్లి పసుపు పరిశోధన కేంద్రానికి వెళ్లి శాస్త్రవేత్తను ఒక ప్రశ్న అడగవచ్చు. జాతీయ పసుపు బోర్డు 2025లో నిజామాబాద్‌లోనే మొదలైంది. ఈ పంట చుట్టూ పరీక్ష, శుద్ధి, ప్యాకింగ్, ఎగుమతి ఉద్యోగాలు పెరగాలని మనం కోరుకుంటున్నాం. వాటికి హైదరాబాద్ నుంచి వచ్చినవారికన్నా ముందు నిలబడాల్సింది కల్లం దగ్గర నోటుబుక్కు పట్టుకున్న ఈ పిల్లలే.

సైన్స్ మీద మనసు లేనివాళ్లు లేరా? ఉన్నారు. ఎన్నికల సంఘం 2018లో బడుల్లో ఓటరు అక్షరాస్యత క్లబ్బులు మొదలుపెట్టింది. తొమ్మిదో తరగతి నుంచి పిల్లలు చేరవచ్చు. ఈ క్లబ్బుకు మన జిల్లాకు మించిన పాఠం దేశంలో ఇంకెక్కడ దొరుకుతుంది? 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 185 మంది పోటీ చేశారు. అందులో 178 మంది పసుపు, ఎర్రజొన్న ధరల కోసం నామినేషన్ వేసిన రైతులు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. ఆ రైతుల్లో ఒకరు మీ వీధిలోనే ఉండవచ్చు. వెళ్లి, "పెద్దనాయినా, ఆనాడు నామినేషన్ ఎందుకేసినవ్?" అని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకొచ్చిన విద్యార్థి రేపు జర్నలిజానికీ, న్యాయశాస్త్రానికీ, గ్రూప్స్ పరీక్షలకూ పనికొచ్చే విద్య నేర్చుకున్నట్టే.

అమెరికాలో ఉన్న బంధువుల పిల్లలు 'ఆనర్ సొసైటీ' అని చెబుతుంటే ఇక్కడివాళ్లు ఆశగా వింటారు. అక్కడ నేషనల్ ఆనర్ సొసైటీ 1921 నుంచి ఉంది. మార్కులతో పాటు సేవ, నాయకత్వం, ప్రవర్తన చూసి సభ్యత్వం ఇస్తారు. ఈ పేరు వాడుకుని ఆన్‌లైన్‌లో డబ్బు కట్టించుకుని సర్టిఫికెట్లు పంపేవాళ్లు బయల్దేరారు. ఒక తండ్రి రెండు వేలు కట్టి తెప్పించిన బంగారు అంచు కాగితం నాకు చూపించాడు. దాంట్లో కూతురి పేరు కూడా తప్పుగా ఉంది. అలాంటి వాటికి రూపాయి కూడా కట్టకండి. అమెరికా కాలేజీలకు దరఖాస్తు చేసే కామన్ యాప్‌లో పది కార్యక్రమాలకు చోటిస్తారు. ఒక్కోదాని గురించి 150 అక్షరాల్లో చెప్పాలి, వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు చేశావో రాయాలి. చూడండి, ఎస్‌ఎస్‌బీ ఫారం అడిగేదీ, అక్కడ అడిగేదీ ఒకటే ప్రశ్న.

మన ప్రభుత్వ బడుల పిల్లలకు నిజమైన గౌరవం ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్. ఎనిమిదో తరగతిలో రాసే పరీక్ష. కుటుంబ ఆదాయం 3.5 లక్షల లోపు ఉండాలి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏడాదికి 12,000 చొప్పున 48,000 రూపాయలు వస్తాయి.

"మా బళ్లె క్లబ్బే లేదు సార్" అంటారు. సమగ్ర శిక్ష కింద హైస్కూల్లో యూత్, ఎకో క్లబ్బులకు ఏటా 25,000 రూపాయల దాకా ఇచ్చే ఏర్పాటు ఉంది. ఐదుగురు పిల్లలు, ఒక టీచరు కలిసి హెడ్మాస్టర్‌ను గౌరవంగా అడగండి. నిధులు ఆలస్యమైనా పైన చెప్పిన పసుపు ప్రయోగానికి ఖర్చేమీ లేదు. ఆడపిల్లల తల్లులకు చీకటి పడుతుందన్న భయం ఉంటుంది. శనివారం మధ్యాహ్నం బడి వేళలోనే పెట్టమని అడగండి. పసుపు తవ్వే జనవరి నుంచి మార్చి దాకా పిల్లలకు ఇంటి పని తప్పదు, పదో తరగతి వాళ్లకు పరీక్షలూ అప్పుడే. అందుకే నేను ఎనిమిది, తొమ్మిది తరగతుల మీదే పట్టుబడుతున్నాను. ఇంటర్‌లో చేరాక చాలా కాలేజీల్లో ఆదివారం కూడా మిగలదు.

జూన్ 12న బడులు తెరుస్తారు. ఎనిమిదో తరగతిలోకి వెళ్తున్న పిల్లలారా, మొదటి వారంలోనే మూడు విషయాలు అడగండి: మన బడిలో ఎన్‌సీసీ ఉందా, ఇన్‌స్పైర్‌కు ఈసారి ఎవరి ఆలోచనలు పంపుతున్నారు, ఎన్‌ఎంఎంఎస్ దరఖాస్తు ఎప్పుడు. అమ్మానాన్నలకు నా విన్నపం ఒక్కటే. ఆ వారం మీ బిడ్డతో పాటు మీరూ ఒకసారి బడికి వెళ్లి రండి.