చదువుకు గుర్తింపు

అక్కలారా! మన పామూరులో ఒక అమ్మాయి ఉందనుకుందాం. ఎనిమిదితో బడి మానింది. ఇంట్లోనే పది పుస్తకాలు చదివింది. అంగన్‌వాడీ కార్యకర్త ఉద్యోగం అడగబోయింది. "పది పాసైన సర్టిఫికెట్ ఏదమ్మా?" అన్నారు. చదువు ఉంది. కాగితం లేదు. ఏం చెయ్యాల?

దారి ఉంది. అదే ఓపెన్ స్కూలు. మన రాష్ట్రంలో 1991లో మొదలైంది. 14 ఏళ్లు నిండితే పదిలో చేరవచ్చు. పెద్ద వయసు అడ్డు కాదు. రోజూ బడికి పోనక్కరలేదు. ఇంట్లో చదివి పరీక్ష రాయాలి. ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి. అన్నీ ఒకేసారి రాయకున్నా పరవాలేదు. ఈ సర్టిఫికెట్ మామూలు పదితో సమానం. పై చదువుకు, ఉద్యోగానికి చెల్లుతుంది.

జాగ్రత్త! గుర్తింపు లేని బోర్డు ఇచ్చే కాగితం చెల్లదు. డబ్బు కట్టకముందే హైస్కూలు హెడ్మాస్టరును అడగండి.

మీ ఇంట్లో బడి మానిన పిల్ల ఉందా?