ఒప్పంద పత్రాల ముద్రణ: కాగితానికి తగినట్టు ప్రింటరును అమర్చుకోవడం

పదకొండు నెలలకొకసారి తిరగరాసుకునే అద్దె ఒప్పందం, కార్యాలయాలలో సమర్పించే ప్రమాణపత్రం, స్వగ్రామంలో పొలం వ్యవహారాలు చూసే బంధువుకు పంపే అధికార పత్రం: బెంగళూరులో నివసించే తెలుగు కుటుంబాలకు ఇటువంటి కాగితాల అవసరం తరచుగా కలుగుతూనే ఉంటుంది. పాఠాన్ని ఎంతో శ్రద్ధగా సిద్ధం చేయించుకున్నవారు కూడా ముద్రణ విషయంలో మాత్రం ప్రింటరును ఉన్నదున్నట్టు నడిపిస్తారు. ఫలితంగా కొన్ని నెలలకే మడత పడిన చోట అక్షరాలు పొడిగా రాలిపోతాయి. అద్దె అడ్వాన్సు ఎంతో తెలిపే అంకె సరిగ్గా ఆ మడతలోనే ఉంటే, తరువాత తలెత్తే వివాదంలో ఆ పత్రం ఏ మేరకు ఆదుకుంటుందో ఊహించుకోవచ్చు.

కాగితపు మందాన్ని జీఎస్ఎం అనే కొలతతో చెబుతారు. ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ సంఖ్యే జీఎస్ఎం. పదహారు ఎ4 కాగితాలను పక్కపక్కన పరిస్తే ఒక చదరపు మీటరు అవుతుంది. కనుక 75 జీఎస్ఎం సాధారణ కాగితాలు పదహారు కలిసి 75 గ్రాములు తూగుతాయి. ఒప్పందాలకు వాడే బాండ్ పేపరు సాధారణంగా 85 నుంచి 100 జీఎస్ఎం వరకు ఉంటుంది. చిక్కపేట, సుల్తాన్‌పేట ప్రాంతాల కాగితపు దుకాణాలలో కొనేటప్పుడు కట్ట మీద ఉన్న ఈ సంఖ్యను చూసి గుర్తుంచుకోండి. ప్రింటరుకు చెప్పవలసింది అదే.

లేజర్ ప్రింటరులో సిరా ఉండదు, టోనర్ అనే సన్నని పొడి ఉంటుంది. 200 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో వేడెక్కిన రోలరు ఆ పొడిని కరిగించి కాగితానికి అతికిస్తుంది. మందపాటి కాగితం ఆ వేడిలో ఎక్కువ భాగాన్ని తానే పీల్చుకుంటుంది. అప్పుడు పొడి పూర్తిగా కరగదు, పైపైన నిలుస్తుంది. చూడడానికి అక్షరం నల్లగా, నిండుగానే కనిపిస్తుంది కాబట్టి లోపం వెంటనే తెలియదు. ప్రింట్ ఆదేశం ఇచ్చే ముందు ప్రిఫరెన్సెస్ తెరిచి, పేపర్ టైప్ అన్న చోట ప్లెయిన్ తీసివేసి బాండ్ లేదా థిక్ ఎంచుకుంటే, యంత్రం వేడిని పెంచడమో కాగితాన్ని నెమ్మదిగా నడపడమో చేస్తుంది. ముద్రణ ఆలస్యమైతే యంత్రం పాడైందని కంగారు పడనక్కరలేదు. కొన్ని ప్రింటర్లలో ట్రేకు కూడా విడిగా అమరిక ఉంటుంది. కంప్యూటరులో ఒకటి, ట్రేలో మరొకటి ఉంటే యంత్రం ఆగిపోతుంది. ముద్రించిన కాగితం చల్లారాక ఒక మూల మడిచి, వేలితో గట్టిగా రుద్ది చూడండి. వేలికి నలుపు అంటితే అమరిక ఇంకా సరిపోలేదన్నమాట.

ఇంక్‌జెట్ ప్రింటర్ల సంగతి వేరు. నాణ్యత పెరుగుతుందన్న ఆశతో సాధారణ కాగితం పెట్టి ఫోటో పేపర్ అని ఎంచుకునేవారు ఉన్నారు. అలా చేస్తే యంత్రం సిరాను ఎక్కువగా చల్లుతుంది, కాగితం దానిని పీల్చుకుని అక్షరాల అంచులు పాకుతాయి. తెలుగు లిపికి ఇది పెద్ద ప్రమాదం. తలకట్టు విడిగా ఉంటే ‘ప’, కలిసిపోతే ‘వ’. నడుమ చుక్క ఉంటే ‘ఠ’, లేకుంటే ‘ర’. సిరా రవ్వంత పాకినా ఇంటిపేరు మారిపోతుంది, వత్తులు ముద్దలవుతాయి. కన్నడ లిపిలోనూ ఇంచుమించు ఇదే చిక్కు, రెండూ ఒక తల్లి బిడ్డలే కదా! ఇంక్‌జెట్ కోసం తయారైన మెరుపు ఫోటో కాగితాన్ని మాత్రం లేజర్ ప్రింటరులో ఎన్నడూ పెట్టకండి. దాని పైపూత వేడికి కరిగి రోలరుకు అంటుకుంటుంది.

కొలత కూడా ముఖ్యమే. లీగల్ కాగితం పొడవు 356 మిల్లీమీటర్లు, ఎ4 పొడవు 297. లీగల్ కొలతలో సిద్ధం చేసిన పాఠాన్ని ఫిట్ అమరికతో ఎ4 మీద ముద్రిస్తే 12 పాయింట్ల అక్షరం 10 పాయింట్లకు కుంచించుకుపోతుంది. ముందే స్కేలుతో కాగితాన్ని కొలిచి, అదే కొలతకు పాఠాన్ని సరిచేసుకుని, యాక్చువల్ సైజ్ ఎంచుకోవాలి.

అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైనది స్టాంపు పత్రం. డబ్బు చెల్లించి తెచ్చిన ఆ కాగితం ఒక్కటే ఉంటుంది, పొరపాటు జరిగితే మళ్లీ కొనవలసిందే. పై భాగంలో స్టాంపు వివరాలు ఉండగా, కింది ఖాళీలో ఒప్పందపు పాఠాన్ని ముద్రించుకోవడం వాడుక. మొదట ఆ వివరాలు ఎంత దూరం వచ్చాయో కొలిచి, దానికి ఒకటి రెండు సెంటీమీటర్లు కలిపి మొదటి పుట పై మార్జిన్‌గా ఇవ్వండి. అదే కొలత గల తెల్ల కాగితం పైన పెన్సిలుతో బాణం గుర్తు వేసి ట్రేలో పెట్టి ముద్రిస్తే, ఏ వైపు, ఏ దిశలో అచ్చు పడుతుందో తేలిపోతుంది. ఆ నమూనాను స్టాంపు పత్రంతో కలిపి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. ఒక్క వరుస కూడా స్టాంపు వివరాల మీదికి ఎక్కకూడదు. పత్రం వంపు తిరిగి ఉంటే బరువైన పుస్తకం కింద కాసేపు ఉంచి, పిన్నులు తీసివేసి, వీలైతే మాన్యువల్ ఫీడ్ మార్గంలో ఒక్కటిగా పంపండి. మిగిలిన పుటలకు మార్జిన్ మామూలుగా మార్చుకోవడం మరువకండి.

దుకాణంలో ముద్రించుకునేవారు తెలుగు పాఠాన్ని వర్డ్ ఫైలుగా కాక, పీడీఎఫ్‌గా తీసుకువెళ్లడం మేలు. తెలుగు ఫాంటు లేని కంప్యూటరులో వర్డ్ ఫైలు తెరిస్తే అక్షరాల స్థానంలో గళ్లు కనిపించవచ్చు, వరుసలు కదిలి మార్జిన్ తప్పవచ్చు. ఫాంటును పొదిగిన పీడీఎఫ్‌లో ఆ బెడద ఉండదు. దుకాణదారు తొందరలో ఉన్నా సరే, పేపర్ టైప్ మార్చి, తెల్ల కాగితం మీద ఒక నమూనా తీయమని అడగండి. ఆ ఒక్క నమూనాకు అయ్యే ఖర్చు కొద్ది రూపాయలే.