వల దించేముందే ప్లాంటులో వేళ ఖాయం చేసుకోండి

భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు రొయ్యల పట్టుబడి చాలావరకు చల్లపూట, తెల్లవారుజామునే మొదలవుతుంది. సరుకు నీళ్లలోంచి పైకి వచ్చిందంటే ఇక ప్రతి గంటా నష్టమే. కాబట్టి ఎప్పుడు పట్టాలన్నది రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో ఖాళీ చూసి తేల్చుకోవాలి, ధర పడిపోతోందన్న పుకారు విని కాదు.

చేయవలసినవి

• ప్లాంటులో దించుకునే వేళ, ఐసు, లారీ మూడూ కుదిరాకే వల దించండి. ఐసు ముందే గట్టు మీదికి చేరాలి. కిలో రొయ్యకు కనీసం కిలో ఐసు. ఎండాకాలమైతే ఇంకా ఎక్కువే పడుతుంది.

• యాంటీబయాటిక్ పరీక్ష ఫలితం చేతికొచ్చాకే పట్టుబడి తేదీ చెప్పండి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అవశేషాలు దొరికితే విదేశీ రేవు నుంచి సరుకు వెనక్కి రావచ్చు.

• ముందురోజు కౌంటుతోపాటు (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క) పెంకు కూడా చూడండి. మోల్టింగ్‌లో (పెంకు విడిచే దశలో) ఉంటే ఒకట్రెండు రోజులు ఆగి, ఆ సంగతి వెంటనే ప్లాంటుకు చెప్పండి. మీ వేళ ఇంకో రైతుకు పనికొస్తుంది.

• కూలీలు నీళ్లలో దిగేముందు ఏరేటర్ల మెయిన్ ఆపి, స్టార్టర్ దగ్గర ఒక మనిషిని ఉంచండి. అందరూ గట్టెక్కాకే మళ్లీ వేయాలి. లారీ వచ్చేసిందన్న తొందరలో ఈ ఒక్కటీ మరిస్తే ప్రాణాలు పోతాయి.

చేయకూడనివి

• పక్క చెరువుకు వైట్‌స్పాట్ జబ్బు తగిలిందనగానే ఊరంతా ఒకే రాత్రి పట్టేయకండి. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. ప్లాంటు గేటు ముందు లారీలు బారులు తీరతాయి. లోపల తలలు తీసే ఆడవాళ్లూ అంతమందే, ఫ్రీజర్లూ అన్నే. తెల్లారేసరికి ఐసు కరిగి పై ట్రేల్లో తలలు నల్లబడతాయి. మీ చెరువులో జబ్బు లేకుంటే రొయ్య ఇంకో రాత్రి నీళ్లలో ఆగగలదు, ట్రేలో ఆగలేదు. రైతులు, ఏజెంట్లు కూర్చుని వంతులు వేసుకోండి. తొలి వంతు జబ్బు తగిలిన చెరువుకే. ఆ చెరువు నీళ్లను మాత్రం శుద్ధి చేయకుండా కాలువలోకి వదలకండి.

• ఆలస్యమైందని, నల్లబడకుండా వాడే సోడియం మెటాబైసల్ఫైట్ మోతాదు పెంచకండి, మూసిన గదిలో కలపకండి. అందులోంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ ఉబ్బసం ఉన్నవాళ్ల ప్రాణం మీదికి తెస్తుంది.

• రాత్రంతా లోడింగ్ చేసిన డ్రైవరు చేత తెల్లవారి లారీ నడిపించకండి.

• ఫ్రీజర్లు నిండితే ఆ మాట ప్లాంటువాళ్లు సాయంత్రమే చెప్పాలి. లారీ గేటు దాకా వచ్చాక చెప్పకూడదు.