మధ్యయుగపు పల్లె జీవనము: ఐరోపాలోను, మన కోలారు సీమలోను

గత సంవత్సరము తొమ్మిదవ తరగతివారికి మధ్యయుగపు ఐరోపాను గూర్చి పాఠము చెప్పుచుంటిని. ప్రార్థించువారు, పోరాడువారు, పనిచేయువారు అని ఆనాటి పండితులు సమాజమును మూడు తెగలుగా విభజించిరని నల్లబల్లపై వ్రాసితిని. వెనుక వరుసలోని యొక బాలుడు లేచి, "సార్, ఆ కాలంలో మనవాళ్ళు ఈ మూటిలో దేంట్లో ఉండేవాళ్ళు?" అని అడిగెను. గంట కొట్టులోపల అతనికి తృప్తి కలుగునట్లు చెప్పలేకపోతిని. ఆ సమాధానమే ఈ వ్యాసము. దీనిని పిల్లలకు గాక తలిదండ్రులైన మీకు వ్రాయుటకు గల కారణమును చివర విన్నవించెదను.

ఐరోపా పల్లె

1086వ సంవత్సరమున ఇంగ్లండు రాజైన విలియము తన రాజ్యములోని భూములను, నాగళ్ళను, మరలను, మనుష్యులను లెక్కింపజేసి గ్రంథస్థము చేయించెను. దానిని డూమ్స్‌డే గ్రంథమందురు. అందు 13,000కు పైగా ఊళ్ళ పేర్లు గలవు. లెక్కకు వచ్చిన జనులలో నూటికి పదిమంది వరకు బానిసలు. అంతకంటె ఎన్నో రెట్లు ఎక్కువగా నున్నవారు విలెనులను రైతులు. వీరు బానిసలు కారు, స్వతంత్రులును కారు. వీరిని సంతలో అమ్మరాదు. కాని భూమి యెవరిదైన వీరును వారివారే.

విలెను వారమునకు సుమారు మూడు దినములు ప్రభువు పొలములో కూలి లేక పనిచేయవలెను. కోతల కాలమున అంతకు మించి చేయవలెను. కూతురి పెండ్లికి ప్రభువు అనుమతి పొంది సుంకము చెల్లించవలెను. ఇంటి యజమాని మరణించినచో మంచి పశువొకటి ప్రభువు కొట్టమునకు పోవును. ధాన్యమును ప్రభువు మరలోనే విసరించి అందుకు కొంత పిండి ముట్టజెప్పవలెను. పంటలో పదియవ పాలు చర్చికి చెందును. ఇల్లన్నచో కఱ్ఱల చట్రము, మట్టి మెత్తిన తడికె గోడలు, గడ్డి కప్పు. పొగ పోవుటకు గొట్టము లేని పొయ్యి నడుమ నుండెడిది. చలికాలమున పశువులు సయితము ఆ కప్పు క్రిందనే యుండెడివి.

మన సీమ పల్లె

కోలారునకు పూర్వనామము కువలాలము. గంగరాజుల తొలి రాజధాని యిదియే. 11వ శతాబ్దమున చోళులు ఈ సీమను జయించి నికరిలి చోళమండలమని పేరిడిరి. కోలారమ్మ గుడిలోని తమిళ శాసనములు ఆనాటివే. తరువాత హొయ్సళులు, వారి వెనుక విజయనగర రాజులు ఏలిరి. మధురను జయించిన కంపరాయలు మన ముళబాగిలునుండియే ఈ సీమను పాలించెను. రాజులు మారిరి గాని పల్లె కట్టుబాటు అంతగా మారలేదు.

పై మెట్టున అగ్రహారములు, దేవాలయ మాన్యములు గలవారును, ఆయుధము పట్టిన నాయకులును ఉండిరి. ఊరిలో పెత్తనము రెడ్డిది, లేక గౌడునిది. లెక్క కరణముది, లేక శానుభోగునిది. వారితో గూడ వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి, తలారి మున్నగు పన్నిద్దరిని ఆయగాండ్రనిరి. వీరికి నెల జీతము లేదు. కళ్ళములో ధాన్యము కొలుచునాడు ఊరివారు ఇచ్చు ఆయము, కొంత మాన్యపు భూమి, ఇంతే. తండ్రి పని కొడుకునకు సంక్రమించెడిది.

ఐరోపా రైతును కట్టివేసినది భూమి. మనవానిని కట్టివేసినది పుట్టుక. మన సీమలో ఏడాది పొడుగున పాఱు నది లేదు, చెఱువే ప్రాణము. ఉమ్మడి కోలారు జిల్లాలో నాలుగు వేలకు పైగా చెఱువులు గలవు. తూము తెఱచి మడిమడికి నీరు పంచువాడు నీరుగంటి. చాల ఊళ్ళలో ఇతడు ఊరి వెలుపల, అంటరానివారని వెలివేయబడిన పేటనుండి వచ్చినవాడు. అందఱి పొలములకు నీరు పంచిన ఆ చేతికి ఊరిబావిలో చేద వేయు హక్కు లేకుండెను. విలెను ప్రభువునకు దాసుడైనను అతనితో కలిసి ఒకే చర్చిలో మోకరిల్లెడివాడు. మన పేటవానికి గుడి వాకిలి సయితము దూరమే. ఈ భేదమును పిల్లలకు దాచక చెప్పవలెను.

తిండి

పేరొందిన కోలారు టమాట సంతను చూచుచు పెరిగిన మన పిల్లలు నమ్మని సంగతి యొకటి కలదు. ఆనాడు ఇక్కడ టమాట లేదు, మిరపకాయ లేదు, వేరుసెనగ లేదు, బంగాళాదుంప లేదు. ఇవన్నియు 1492 తరువాత అమెరికా ఖండములనుండి వచ్చినవి. అంతకు ముందు కారమునకు మిరియమే, పులుపునకు చింతపండే. రాగి సంగటి, ఉలవలు, అనుములు మనవారి తిండి. ఐరోపా బీదవాడు రై, బార్లీ రొట్టెయు, బఠాణీలు వేసి కాచిన అంబలియు తినెను. ప్రభువు భోజనము గోధుమ రొట్టె, వేటమాంసము, ద్రాక్షసారాయము. మన యిల్లాండ్రు తెల్లవాఱక ముందే తిరుగలి ముందు కూర్చుండి రాగులు విసరిరి. అచ్చటివలె మర సుంకము లేకపోయినను, ఆ సుంకమును వారి భుజములే చెల్లించినవి.

రాతిపై ఎవరి పేరు?

కడప జిల్లా పోరుమామిళ్ళ చెఱువు శాసనము (1369) చెఱువును త్రవ్వించిన భాస్కర భవదూరుని కీర్తించుచున్నది. వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండేండ్లు పట్టెనని లెక్క చెప్పుచున్నది. ఆ వేయిమందిలో ఒక్కని పేరును లేదు. మన బేతమంగళము చెఱువు కట్ట తెగిపోగా 10వ శతాబ్దమున ఇరివ నొళంబుడను రాజు దానిని బాగుచేయించెనని శాసనము కలదు. తట్టలతో మన్ను మోసినవారెవరో మనకు తెలియదు. గనులు నడచిన కాలమున ఆ బేతమంగళము నీరే గొట్టముల ద్వారా మన లైన్లకు వచ్చెను. పేరు లేని ఆ కూలీలు మోసిన మన్ను మన తాతలకు త్రాగునీరైనది.

ఒక్క వీరగల్లులు మాత్రము కొంత మేలు. పశువులను తోలుకొనిపోవువారి కెదురు నిలిచి ప్రాణమిచ్చిన సామాన్యునకు సయితము మన జిల్లా పల్లెలలో రాయి నిలిపిరి. అట్టివాని కుటుంబమునకు ఇచ్చు భూమిని కన్నడమున నెత్తరు కొడగె యనిరి.

కట్టు ఎట్లు సడలెను?

ఐరోపాలో 1347 మొదలు 1351 వరకు మహామారి వ్యాపించి జనులలో మూడవ వంతునకు తక్కువ గాకుండ చనిపోయిరి. పనివారు కరవై కూలి పెరిగెను. కూలి పెంచరాదని ఇంగ్లండులో 1351లో చట్టము చేసిరి. 1381లో తలపన్ను విధింపగా రైతులు తిరుగబడిరి. ఆ తిరుగుబాటును అణచివేసిరి గాని, తరువాతి నూఱేండ్లలో విలెను దాస్యము క్రమముగా సన్నగిల్లెను. చాల పట్టణములలో ఏడాది మీద ఒక దినము నివసించిన విలెను స్వతంత్రుడగునను ఆచారమును కలదు.

మన సీమకు అట్టి పట్టణము ఈ బంగారు గనులే. 1880 నుండి జాన్ టేలర్ కంపెనీ గనులను నడుపగా చిత్తూరు, ఉత్తర ఆర్కాడు పల్లెలనుండి మన పెద్దలు వచ్చిరి. కళ్ళములో గింజలకు చేయి చాచినవారు నాణెములలో కూలి పుచ్చుకొనిరి. అయితే ఇచ్చటను మెట్లు తప్పలేదు. తెల్లదొరలకు తోటల నడుమ బంగళాలు, ఆంగ్లో ఇండియనులకు వేఱు ఇండ్లు, మనవారికి తడికె గుడిసెల లైన్లు. 1930లో వేలిముద్రలు తీసికొని కార్మికులను నమోదు చేయబూనగా వేలమంది పని మానిరి. తమను నేరస్థులవలె ఎంచరాదని ఆ నిరక్షరాస్యులు గ్రహించిరి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడినవి. నేడు మన యువకులు పనికై బెంగళూరు రైలు ఎక్కుచున్నారు.

తలిదండ్రులకు విన్నపము

ఆ పాఠము ముగిసిన పిమ్మట, ఎవరి తాత, ముత్తాత యే ఊరినుండి వచ్చిరో, యేమి పని చేసిరో అడిగి వ్రాసికొని రండని పిల్లలకు చెప్పితిని. సగముమంది ఖాళీ కాగితములతో వచ్చిరి. "అవన్నీ ఎందుకు రా, చదువుకో పో" అని ఇంటిలో చెప్పిరట. మొదట ప్రశ్న అడిగిన బాలుని కాగితమును ఖాళీయే.

మీ మనోభావము నాకు తెలియును. వెట్టి చేసితిమని, తట్ట మోసితిమని బిడ్డకు చెప్పుట కష్టము. కాని రాజుల పేర్లు రాతిపై నున్నవి. మనవారి పేర్లు మీ నోటనే యున్నవి. మీరు చెప్పనిచో ఎక్కడను ఉండవు. పిల్లవాడు విలెను కష్టమును పరీక్షకై వల్లెవేసి, తన ముత్తాత కష్టమును ఎఱుగకుండుట చదువు కానేరదు.

ఆ బాలుని ప్రశ్నకు నా జవాబిది: మనలో ఎక్కువమంది పనిచేయువారి తెగవారము; అందులోను క్రింది మెట్లవారము. ఇందు సిగ్గుపడవలసినది మనవారు కాదు.

కావున ఈ వేసవి సెలవులలో ఒక సాయంకాలము బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, మీ ఊరి పేరు, చెఱువు పేరు, పెద్దల పేర్లు, వారు చేసిన పని, తినిన తిండి చెప్పుడు. మీ మాటలోనే వ్రాయనిండు. బడి తెఱచిన దినమున ఆ కాగితములను తెప్పించుకొని, కుట్టించి, మన బడి గ్రంథాలయమున భద్రపఱచెదనని విన్నవించుచున్నాను.