మంచు కింద వెతికిన మనుషులు

నంద్యాలలో ఎండాకాలం ఎట్లుంటుందో మనకు తెలుసు. మధ్యాహ్నం మిద్దె మీద కాలు పెడితే చుర్రుమంటుంది. మంచుగడ్డ అంటే మనకు గుర్తొచ్చేది ఐసు బండే.

కానీ మన దేశంలోనే ఇంకో చోటు ఉంది. అక్కడ ఎండాకాలంలో కూడా మంచు పూర్తిగా కరగదు. ఆ చోటు పేరు సియాచిన్. అది దేశానికి ఉత్తరపు కొసన, కారకోరం కొండల్లో ఉంది. 1984 నుంచి మన సైన్యం అక్కడ కాపలా కాస్తోంది.

నీళ్లు గడ్డకట్టే చలిని సున్నా డిగ్రీలు అంటారు. చలికాలంలో సియాచిన్ అంతకన్నా 40, 45 డిగ్రీలు కిందికి పోతుంది. అక్కడ గాలి పల్చగా ఉంటుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తుంది. అక్కడ తుపాకి గుండ్ల కన్నా చలికి, మంచుకు చనిపోయిన సైనికులే ఎక్కువ.

పార్నపల్లె బిడ్డ

నంద్యాలకు దగ్గరలో బండి ఆత్మకూరు మండలం ఉంది. ఆ మండలంలో పార్నపల్లె ఒక ఊరు. ఆ ఊరి బిడ్డ ముస్తాక్ అహ్మద్. ఆయన సైన్యంలో సిపాయి. 19వ మద్రాస్ బెటాలియన్‌లో పని చేసేవాడు.

2016 ఫిబ్రవరి నెల. ముస్తాక్ అహ్మద్, మరో తొమ్మిది మంది సియాచిన్‌లో కాపలా ఉన్నారు. వాళ్ల చోటు 19,600 అడుగుల ఎత్తున ఉంది. ఆ పదిమందిలో నలుగురు తమిళనాడు వాళ్లు. ముగ్గురు కర్ణాటక వాళ్లు. కేరళ నుంచి ఒకరు, మహారాష్ట్ర నుంచి ఒకరు. మన రాష్ట్రం నుంచి ముస్తాక్ ఒక్కడు.

ఫిబ్రవరి 3న పెద్ద మంచు గోడ విరిగి పడింది. పదిమందీ దాని కింద పడిపోయారు.

వెతుకులాట

బతికి ఉంటారన్న ఆశ చాలా తక్కువ అని మర్నాడే సైన్యం చెప్పింది. అయినా వెతకడం ఆపలేదు.

వెతికే పని ఎట్ల జరిగింది? హెలికాప్టర్లు మనుషుల్నీ సామాన్లనూ పైకి చేర్చాయి. మంచు బండలాగ గట్టిపడింది. పారలకు లొంగలేదు. మంచును కోసే రంపాలు, రాయిని తొలిచే యంత్రాలు తెచ్చారు. లోపల ఏముందో పసిగట్టే రాడార్లు తెచ్చారు. డాట్, మిషా అనే రెండు కుక్కలు కూడా వెతికాయి. మంచు లోతున ఉన్న మనిషి వాసనను కుక్క పట్టగలదు.

వెతికేవాళ్లకూ అదే చలి. అదే పల్చని గాలి. మళ్లీ మంచు విరిగితే వాళ్ల ప్రాణాలూ పోతాయి. ఆ సంగతి తెలిసే వాళ్లు రాత్రింబగళ్లు తవ్వారు.

ఫిబ్రవరి 8న, ఆరో రోజున, సుమారు 25 అడుగుల లోతున ఒక మనిషి దొరికాడు. ఊపిరి ఉంది! ఆయన పేరు హనుమంతప్ప. కర్ణాటకలోని ధార్వాడ జిల్లా వాడు. 25 అడుగులంటే మిద్దె మీద మిద్దె కట్టినంత ఎత్తు. అంత మంచు కింద ఆ మనిషి ఆరు రోజులు బతికాడు.

ఆయన్ను ఢిల్లీలోని సైనిక ఆసుపత్రికి చేర్చారు. దేశంలో అన్ని మతాల వాళ్లూ ఆయన కోసం ప్రార్థన చేశారు. కానీ ఫిబ్రవరి 11న ఆయన చనిపోయాడు.

ముస్తాక్‌తో సహా తక్కిన తొమ్మిది మందీ శవాలుగానే దొరికారు. వాతావరణం బాగలేక వాళ్లను కిందికి దించడానికి మరికొన్ని రోజులు పట్టింది. ఆ తర్వాత ముస్తాక్ పార్నపల్లెకు చేరాడు. సైనిక మర్యాదలతో ఆయన్ను సొంత ఊరి మట్టిలోనే ఖననం చేశారు.

అత్తా కోడళ్ల మాట

ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లెలో అత్తా కోడళ్లు ఈ పాఠం చదువుతున్నారు అనుకుందాం.

"బతికుండరని చెప్పినాక కూడా ఎందుకు తవ్వినారే?" అని అత్త అడిగింది.

"తవ్వకుంటే హనుమంతప్ప దొరికేవాడా అత్తా?" అంది కోడలు.

"ఆయన కూడా పాయె కదా."

కోడలు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "పోయినాడు. కానీ మంచు కింద ఒంటరిగా పోలేదు. మనుషుల చేతుల్లో పోయినాడు. ముస్తాక్‌ను ఇంటివాళ్లు సొంత ఊరి మట్టిలో సాగనంపే వీలు దొరికింది. వెతకకుంటే వాళ్లు జన్మంతా వాకిలి వైపే చూస్తుండాల్సి వచ్చేది."

అత్త తల ఊపింది. "2009లో నల్లమలలో హెలికాప్టర్ కనపడకుండా పోయినప్పుడు ఆ రాత్రి ఎవరికీ నిద్ర లేదు. పోయినారని తెలిసినా ఏడ్చి ఊరుకుంటాం. తెలియకుంటేనే నరకం" అంది.

అత్త చెప్పింది నిజం. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి వెళ్తున్న హెలికాప్టర్ నల్లమలలో కనపడకుండా పోయింది. మర్నాడు పావురాలగుట్ట మీద దాని జాడ దొరికింది. అందులో ఉన్న ఐదుగురూ చనిపోయారు.

తెలుసుకోండి

సైన్యంలో పని చేసే వాళ్ల ఇంటి ఆడవాళ్లు కొన్ని సంగతులు జాగ్రత్తగా చూసుకోవాలి.

1. ఆయన సైనిక నంబరు, దళం పేరు, చిరునామా ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి.
2. పెళ్లి అయిన వెంటనే భార్య పేరును, పుట్టిన వెంటనే పిల్లల పేర్లను సైన్యం రికార్డులో రాయించమనండి. ఈ పని జరగకుంటే తర్వాత పెన్షన్‌కు ఇబ్బంది అవుతుంది.
3. ఏ కాగితమైనా చదివిన తర్వాతే సంతకం పెట్టండి. అర్థం కాకుంటే అడగండి. అడగడం తప్పు కాదు.
4. సైనికుల కుటుంబాలకు, మాజీ సైనికులకు సాయం చేయడానికి సైనిక సంక్షేమ కార్యాలయం ఉంటుంది. పెన్షన్ అందకుంటే అక్కడికి పోయి అడగవచ్చు.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. ఆశ తక్కువ అని తెలిసినా సైనికులు ఎందుకు వెతికారు?
2. వెతికేవాళ్లకు ఏయే కష్టాలు వచ్చాయి?
3. "తెలియకుంటేనే నరకం" అని అత్త ఎందుకు అంది?
4. మీ ఊరి నుంచి సైన్యానికి వెళ్లినవాళ్లు ఎవరు? వాళ్ల గురించి అడిగి తెలుసుకోండి. నాలుగు వాక్యాలు మీ చేత్తో రాయండి.